పన్ను తగవు ఎవరి యెదుట?



పన్ను విషయమున ప్రజలు అడుగు ప్రశ్నలు మూడు. ఎంత చెల్లింపవలెను? ఎవరికి చెల్లింపవలెను? తప్పుగా వేసినచో ఎవరితో చెప్పుకొనవలెను? మొదటి రెంటికి సమాధానము రసీదు మీదనే యుండును. మూడవదానికి సమాధానము చరిత్రలో వెదకవలసి యున్నది. నేటి నా ప్రసంగము ఆ మూడవ ప్రశ్నను గూర్చియే.

చేవెళ్ల, మొయినాబాదు పెద్దలకు ఈ ప్రశ్న ఇప్పుడు మరల ముందునకు వచ్చినది. 2025 ఆరంభమున ఈ రెండు ఊళ్లును పంచాయతీ పాలన వీడి పురపాలక సంఘములైనవి. నిన్నటిదాక సర్పంచి అరుగు మీద మాటాడుకొనిన ఇంటిపన్ను సంగతి నేడు కమీషనరు కచ్చేరీకి చేరినది. నేను బడిపంతులు కొలువు చాలించిన తరువాత మా యింటికి నోటీసులు పట్టుకొని వచ్చువారు తరచుగా నుందురు. వారిలో పెక్కురు చదువరులే. అయినను నాచేత మరల చదివించుకొందురు. అట్టి యొక నోటీసులో ఎంత కట్టవలెనో, ఏ తేదీలోగా కట్టవలెనో, కట్టకున్న ఏమి చేయుదురో విపులముగా వ్రాసియున్నది. అభ్యంతర మున్నచో ఏ కచ్చేరీలో, ఎన్ని దినములలో చెప్పుకొనవలెనో మాత్రము ఎచ్చటను లేదు. అది ఏ కచ్చేరీ నోటీసో ఇచ్చట చెప్ప నక్కరలేదు. ఆ వెలితి మాత్రము మిక్కిలి ప్రాచీనమైనది. దాని పుట్టుపూర్వోత్తరములను యథాశక్తి విన్నవించెదను.

మన ధర్మశాస్త్రకారులు వివాదములను పదునెనిమిది పదములుగా విభజించిరి. అప్పు తీర్పకుండుట, దాచిన సొమ్ము నీయకుండుట, కూలి యెగవేయుట, అమ్మినదానిని మరల వలదనుట, పొలిమేర తగవు మున్నగునవి అందున్నవి. రాజు వేసిన పన్ను అన్యాయమను వాదమునకు మాత్రము ఆ పదునెనిమిదింటిలో చోటు లేదు. పన్ను ఎంత యుండవలెనో వారు చెప్పిరి. పంటలో ఆరవ పాలు అను మాట మన మందరము విన్నదే. అంతకు మించి గుంజిన రాజు పాపము కట్టుకొనునని కూడ చెప్పిరి. కాని ఆ పాపమును విచారించుటకు ఏ సభయు ఏర్పరుపలేదు. కనుక పూర్వము రైతునకు రెండే ఉపాయము లుండెను. ఒకటి రాజదర్శనము చేసి మొరపెట్టుట. రెండవది రాత్రికి రాత్రి బండి కట్టుకొని మరియొక దొరతనములోనికి వలసపోవుట. బీడు భూములు విస్తారముగా నున్న కాలమున ఈ రెండవ ఉపాయమునకే పాలకులు ఎక్కువగా భయపడెడివారు.

అయినను ఆ శాస్త్రములోనే మనకు నేడు పనికివచ్చు సూత్రములు రెండున్నవి. యాజ్ఞవల్క్యుడు న్యాయసభలను మెట్లుగా చెప్పెను. బంధుకులము, ఒక వృత్తివారి శ్రేణి, ఊరివారి పూగము, రాజు నియమించిన సభ. క్రింది సభ తీర్పును పై సభ మరల చూడవచ్చును. ఇదియొక సూత్రము. సభలో కూర్చుండువారు శత్రువునందును మిత్రునందును సమబుద్ధి గలవారై యుండవలెననుట రెండవది. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను విజ్ఞానేశ్వరుడు రచించినది మన పడమటి దిక్కుననే యున్న కల్యాణిలో, చాళుక్య విక్రమాదిత్యుని కొలువులో. ఆ కల్యాణి 1956 దాక హైదరాబాదు రాజ్యములోనిదే. దగ్గరి సభ యొకటి, దానిపై నిష్పక్షపాతమైన సభ యొకటి యను ఈ రెండు సూత్రములను మనసున నుంచుకొనుడు. తరువాతి కథ యంతయు ఈ రెంటి నడుమ పెనుగులాటయే.

ఇక మన సీమకు వత్తము. సాలార్‌జంగు 1853లో హైదరాబాదు దివాను అయ్యెను. అంతకు పూర్వము పరగణాల వసూలును గుత్తకిచ్చెడివారు. గుత్త పట్టిన తాలూకాదారు సర్కారునకు సొమ్ము ఒప్పుకొని, దానిని లాభముతో కూడ రైతులనుండి రాబట్టుకొనెడివాడు. అతడు ఎక్కువ తీసికొన్నాడని రైతు మొరపెట్టవలసినది ఆ తాలూకాదారుతోనే. గొఱ్ఱె తోడేలుతో తగవు చెప్పుకొన్నట్లుండెడిది. సాలార్‌జంగు ఈ పద్ధతిని తొలగించెను. 1865లో జిలాబందీ జరిగి రాజ్యము జిల్లాలుగా విభక్తమయ్యెను. తాలూకాదారు గుత్తదారుడు గాక, నెలజీతపు ఉద్యోగి యయ్యెను. అవ్వల్ తాలూకాదారనగా నేటి కలెక్టరు. అతని క్రింద తహసీలుదారు, గ్రామమున మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ. పిమ్మట భూముల కొలతయు, తరముల నిర్ణయమును జరిగి శిస్తు ఎంతయో కాగితము మీదికి వచ్చెను. ఇది గొప్ప మేలు. లెక్క వ్రాసియున్నప్పుడే కదా తప్పు పట్టుటకు వీలగును!

1317 ఫసలీలో, అనగా 1907-08లో, హైదరాబాదు భూమి శిస్తు చట్టము వచ్చెను. ఒక రెవెన్యూ ఉద్యోగి యిచ్చిన ఫైసలా మీద అతని పై యుద్యోగి యెదుట మురాఫా చేసికొనవచ్చునని ఆ చట్టము చెప్పెను. ఆ మీదట నిగ్రానీ, అనగా పైవారు దస్త్రము తెప్పించి చూచుట. తహసీలుదారు మీద తాలూకాదారు, తాలూకాదారు మీద సుబేదారు, ఇట్లు మెట్లు పైకి పోయెడివి. ఈ పద్ధతిలో సుగుణములు లేకపోలేదు. ఖర్చు తక్కువ. దస్త్రము అచ్చటనే యుండును. విచారించువానికి మెట్ట యేదో, తరి యేదో, చెరువు నిండినదో ఎండినదో తెలిసియుండును. దోష మొక్కటే, అది పెద్దది. ఆ మెట్లన్నియు ఒకే యింటిలోనివి. క్రింది మెట్టున నున్నవాడు వసూలు చేయు సొమ్మునకు పై మెట్టువాడును జవాబుదారియే. ఖజానా నిండలేదని ఎవనిని నిలువదీయుదురో, అతడే రైతుకు వేసిన శిస్తు ఎక్కువా కాదా యని తేల్చుచుండెను.

ఈ మెట్లయినను అందరికి సమానముగా లేవు. రాజధాని చుట్టునున్న అత్రాఫె బల్దా జిల్లా సర్ఫెఖాసు, అనగా నిజాము సొంత ఖర్చులకై ప్రత్యేకింపబడిన ఇలాకా. తక్కినచోట్ల దివానీ గ్రామముల నడుమ పాయిగాలు, జాగీర్లు చెక్కలు చెక్కలుగా నుండెను. పాయిగా అమీరులకును, మరికొందరు పెద్దవారికిని తమ ఇలాకాలలో పన్ను రాబట్టు అధికారముతో పాటు తగవులు తీర్చు అధికారము కూడ నుండెను. పొలిమేర గట్టు దాటినచో మొర వినువాడు మారిపోవును. 1921లో నిజాము ఫర్మాను ప్రకారము హైదరాబాదు రాజ్యమున న్యాయశాఖను పాలనశాఖనుండి వేరుచేసిరి. ఇంగ్లీషు ఇలాకాలో కాంగ్రెసువారు ఏండ్ల తరబడి కోరుచున్నను జరుగని సంస్కారము ఇచ్చట ముందుగా జరుగుట మెచ్చుకొనదగినదే. దానివలన తాలూకాదారుడు నేరములను, దివానీ దావాలను విచారించుట మానుకొనెను. శిస్తు తగవు మాత్రము మాల్ శాఖలోనే నిలిచిపోయెను. మూసీ యొడ్డున 1920లో వెలసిన ఉన్నత న్యాయస్థాన భవనము చేవెళ్ల రైతునకు కన్నుల పండువుగా నుండెను గాని, శిస్తు తగవులో దాని ద్వారము అతనికి తెరచి యుండలేదు.

మొయినాబాదు మండలములోని పెద్దమంగళారమున 1890లో జన్మించిన కొండా వెంకట రంగారెడ్డిగారు ఆ కాలపు వకీలే. 1936లో షాద్‌నగరున జరిగిన ఆంధ్రమహాసభకు ఆయన అధ్యక్షులు. తెలంగాణపు రైతు బాధలు సభా తీర్మానములుగా పైకి వచ్చిన దినములవి. న్యాయస్థానమున చెప్పుకొను వీలులేని బాధ సభావేదిక నెక్కుట సహజము. 1978లో మన జిల్లా యేర్పడినప్పుడు దానికి ఆయన పేరే పెట్టిరి.

మన ఇలాకాలో ఇట్లుండగా, కంపెనీ వారి యేలుబడిలో నున్న తెలుగువారి సంగతి యెట్లుండెనో చూతము. నేటి మన చట్టమునకు మూలములు ఆ దిక్కుననే యున్నవి. ఆ కథ కలకత్తాలో ప్రారంభమగును. అచ్చటి సుప్రీముకోర్టు మీదికి కంపెనీ కౌన్సిలు 1779లో సిపాయిలను పంపెను. కాశీజోడా రాజు మీద ఒక వర్తకుడు దావా వేయగా, ఆ రాజు కంపెనీకి పన్ను వసూలు చేసియిచ్చు జమీందారు గనుక న్యాయస్థానమునకు లోబడ నక్కరలేదని కౌన్సిలు వాదము. కోర్టు బంట్రౌతులను సిపాయిలు పట్టి బంధించిరి. ఈ రగడ లండను పార్లమెంటునకు ఎక్కెను. 1781లో పార్లమెంటు చట్టము చేసి, రెవెన్యూకు సంబంధించిన ఏ విషయమునను సుప్రీముకోర్టు చేయి పెట్టరాదని శాసించెను. కలకత్తాకు పెట్టిన ఆ తాళమును తరువాత మదరాసు కోర్టునకును పెట్టిరి. సుప్రీముకోర్టులు పోయి హైకోర్టులు వచ్చినను తాళము అట్లే యుండెను. 1935 నాటి ఇండియా ప్రభుత్వ చట్టములోని 226వ సెక్షను దానినే మరల చెప్పెను.

హైకోర్టు సంగతి ఇట్లుండ, క్రింది కోర్టుల విషయమున దొరలలోనే రెండు పక్షము లుండెను. 1793లో కారన్‌వాలిసు ప్రభువు బెంగాలులో రెవెన్యూ ఉద్యోగులే నడుపుచున్న మాల్ అదాలతులను ఎత్తివేసెను. కలెక్టరు తన చేతలకు తానే న్యాయాధిపతి కారాదనియు, అతడును జిల్లా న్యాయస్థానమునకు జవాబు చెప్పవలసినదే ననియు అతని మతము. 1802లో మదరాసు రాజధానిలోను అట్టి జిల్లా కోర్టులు పెట్టిరి. దీనికి ఎదురు నిలిచినవాడు తామసు మన్రో. అతడు 1800 మొదలు 1807 దాక దత్తమండలములకు ప్రధాన కలెక్టరు. గుఱ్ఱమెక్కి గ్రామగ్రామము తిరిగి, చెట్టుక్రింద గుడారములో రైతుల మొరలు విన్నవాడు. కడప, బళ్లారి రైతు పొలము విడిచి దూరమున నున్న కోర్టునకు పోయి, స్టాంపు కాగితములు కొని, వకీళ్లను పెట్టుకొని నెలల తరబడి కాచుకొనలేడని అతని వాదము. ఆ వాదము నెగ్గి, 1816లో కలెక్టరునకు మాజిస్ట్రేటు అధికారము కూడ సంక్రమించెను.

ఇద్దరి మాటలోను నిజమున్నది. కారన్‌వాలిసు నిష్పక్షపాతమును కోరెను. మన్రో దగ్గరితనమును కోరెను. మన్రో వంటి వాడు కలెక్టరుగా నున్నంత కాలము అతని పద్ధతి బాగుగనే యుండెను. అందుచేతనే రాయలసీమలో బిడ్డలకు అతని పేరు పెట్టుకొనిరి. కాని చట్టము చేయువాడు మంచివాడు కూర్చున్న కుర్చీని చూచి చేయరాదు. ఆ కుర్చీలో రేపు మరియొకడు కూర్చుండును. ఆ మరియొకడు కూర్చున్నప్పుడు ఏమి జరిగెనో 1855 నాటి చిత్రహింసల కమిషను నివేదిక తెలిపినది.

ఆ నివేదిక వెలువడుటకు మూలకారకులలో ఒకరు తెలుగువాడైన గాజుల లక్ష్మీనరసుసెట్టిగారు. ఆయన 1852లో మదరాసు స్వదేశీయుల సంఘమును స్థాపించిరి. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూరు మదరాసు రాగా, ఆయనను పల్లెలకు తీసికొనిపోయి శిస్తు కొరకు రైతులను హింసించుటను కన్నులార చూపించిరి. పార్లమెంటులో చర్చ జరిగి కమిషను ఏర్పడెను. శిస్తు చెల్లింపని రైతును వంచి, మెడకును కాలివ్రేళ్లకును త్రాడు కట్టి ఎండలో నిలుపుట, కిట్టి యను కొయ్య పనిముట్టుతో వ్రేళ్లు నొక్కుట మొదలగునవి నిజమేనని ఆ కమిషను తేల్చెను. రైతునకు న్యాయము దొరకుట యెంత కష్టమో చూచి తాము మిక్కిలి నొచ్చుకొంటిమని సభ్యులు వ్రాసిరి. ఒకవైపు దూరము, ఖర్చు. ఇంకొకవైపు, మొర వినువాడు వసూలు శాఖవాడే యను భయము. ఆ నివేదిక పిమ్మట 1859లో పోలీసు శాఖను రెవెన్యూ శాఖనుండి వేరుచేసిరి. పన్నుతగవు మాత్రము కలెక్టరు నుండి రెవెన్యూబోర్డుకు పోవు బాటలోనే యుండెను.

ఆ బాట చివరికి ఎచ్చట ఆగిపోయెనో తెలుపునది పర్లాకిమిడి వ్యాజ్యము. గిడుగు రామమూర్తి పంతులుగారు బోధించిన ఊరిదే ఆ జమీందారీ. అచ్చటి గరబంధ మున్నగు గ్రామముల రైతులు చెల్లింపవలసిన సిస్తును నిర్ణయింపుమని జమీందారు దరఖాస్తు పెట్టగా, ప్రత్యేక రెవెన్యూ ఉద్యోగి నిర్ణయించెను. తగవు మదరాసులోని రెవెన్యూబోర్డు దాక పోయెను. ఇది జమీందారుకు చెల్లు సిస్తే గాని సర్కారు పన్ను గాదు. అయినను నిర్ణయించినవారు రెవెన్యూ అధికారులే గనుక మన ప్రశ్నకు తగిన నిదర్శనము. బోర్డు ఆజ్ఞ అధికారమును మించినదని తలచి రైతులు దానిని రద్దుచేయుమని మదరాసు హైకోర్టును వేడిరి. వ్యాజ్యము లండనులోని ప్రీవీకౌన్సిలునకు ఎక్కెను. 1943లో తీర్పు వచ్చెను. బోర్డు మదరాసు నగరములో కూర్చున్నను, రైతులును భూములును దూరపు జిల్లాలో నున్నవి. పూర్వపు సుప్రీముకోర్టునుండి హైకోర్టునకు సంక్రమించిన ఆ ప్రత్యేకాధికారము అంత దూరము పోదు, అని దాని సారము. అనగా నగరవాసికి దొరకు రక్షణ పల్లె రైతునకు లేదు. రైతు వాదము తప్పని ప్రీవీకౌన్సిలు చెప్పలేదు. ఆ హైకోర్టునకు వినుటకు అధికారము లేదని చెప్పినది. ఓడినవాడు తన మాట విన్న పిమ్మట ఓడినచో కొంత యూరట పొందును. విననే లేదన్న దుఃఖమునకు ఊరట యెక్కడ!

1950 జనవరి 26వ తేదీన రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. దాని 226వ అధికరణము ప్రతి హైకోర్టునకును తన రాష్ట్రములో నెచ్చటనైనను, ఏ యధికారి మీదనైనను రిట్టు జారీచేయు శక్తి నిచ్చెను. 225వ అధికరణము రెవెన్యూ విషయములకు పూర్వమున్న నిషేధమును తొలగించెను. 1781లో పడిన తాళము 169 ఏండ్లకు ఊడినది. సర్ఫెఖాసు ప్రభుత్వములో కలిసినదియు, జాగీర్లు రద్దయినదియు అంతకు ముందటి యేడే, 1949లో. కనుక అప్పటిదాక వేర్వేరు దొరల క్రింద నున్న మన గ్రామములన్నిటికి, మూసీ యొడ్డున నున్న ఒకే హైకోర్టు ద్వారము ఒక్కసారి తెరచుకొనెను.

ఆ ద్వారము నామమాత్రము కాదని తెలుగు రైతులు త్వరలోనే నిరూపించిరి. 1962లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము భూమి శిస్తు మీద అదనపు శిస్తు వేయు చట్టము చేసెను. మెట్ట భూమికి, సారమెట్లున్నను, ఎకరమునకు ఇంత తక్కువ కారాదని ఒక కనీసపు దర పెట్టెను. తరి భూమికి దరను, నేల గుణమును బట్టి గాక, ఆ చెరువు లేక కాలువ క్రింద నున్న మొత్తము ఆయకట్టు విస్తీర్ణమును బట్టి కట్టెను. పెద్ద కాలువ చివర నీరందని చౌడు నేలకును, తలదాపున నున్న నల్లరేగడికిని ఒకే దర! అంతేగాక, రైతుకు నోటీసు ఇచ్చి అతని మాట వినవలెనని గాని, ఎవరు లెక్కకట్టుదురని గాని, తప్పు జరిగిన ఎవరికి చెప్పుకొనవలెనని గాని చట్టములో లేదు. రైతులు హైదరాబాదు హైకోర్టులో రిట్లు వేసిరి, గెలిచిరి. ప్రభుత్వము సుప్రీముకోర్టునకు పోయెను. 1967లో సుప్రీముకోర్టు రైతుల పక్షముననే తీర్పు చెప్పి, ఆ శిస్తు సమానత్వపు హక్కునకు విరుద్ధమని కొట్టివేసెను. అప్పటి ప్రధాన న్యాయమూర్తి రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు. చట్టములో పక్షపాతమున్నచో మనిషికి తాను నిలిచిన చోటు తెలియును గాని, అధికారి యిచ్ఛకు వదలిన యెడల ఏ దిక్కునుండి దెబ్బ వచ్చునో తెలియదని ఆ తీర్పు భావము. అప్పీలు లేని పన్ను, పన్ను ఎంత స్వల్పమైనను, న్యాయమైన పన్ను కానేరదని గ్రహింపవలెను.

అయినచో ప్రతి పన్ను తగవును హైకోర్టే వినవలెనా? అది సాధ్యము గాదు, ఉచితమును గాదు. ఇల్లు ఎన్ని చదరపు గజములో, దుకాణమున ఎంత సరకు అమ్మిరో, ఈ లెక్కలు తేల్చుట హైకోర్టు పని కాదు. ఇందుకే ట్రిబ్యునళ్లు వచ్చినవి. మన దేశమున ఆదాయపు పన్ను అప్పీళ్ల ట్రిబ్యునలు 1941 జనవరి 25న ఏర్పడినది. అందు న్యాయము తెలిసిన సభ్యుడొకడు, లెక్కలు తెలిసిన సభ్యుడొకడు కలిసి కూర్చుందురు. ఆ ట్రిబ్యునలు పన్ను వసూలుచేయు ఆర్థికశాఖ చేతిలో గాక న్యాయశాఖ చేతిలో నున్నది. కలెక్టరు దస్త్రము తన యింటిలో తానే చూచుకొను పాతపద్ధతికిని దీనికిని గల భేదమును గమనింపుడు. వ్యవసాయపు ఆదాయమునకు ఆ పన్ను లేదు గనుక మన రైతులకు దానితో పని తక్కువ. కాని మాదిరిగా చెప్పుకొనదగినది.

ట్రిబ్యునలు మంచిదే యని, హైకోర్టు నవతలికి నెట్టు ప్రయత్నములును జరిగినవి. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ, పన్నులు మొదలైన విషయములకు ట్రిబ్యునళ్లు పెట్టి, హైకోర్టు అధికారమును తొలగించు చట్టములు చేయుటకు వీలు కల్పించెను. సర్కారు ఉద్యోగుల ట్రిబ్యునళ్ల విషయమున అట్టి తొలగింపు చెల్లదని 1993లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పెను. ఆ తగవు తక్కిన వానితో కలిసి సుప్రీముకోర్టునకు పోగా, 1997 మార్చి 18న ఏడుగురు న్యాయమూర్తుల పీఠము హైకోర్టు పరిశీలనాధికారము రాజ్యాంగపు మూలస్వరూపములోనిదని, దానిని తీసివేయుటకు ఎవరికి వీలులేదని నిర్ణయించెను. ట్రిబ్యునలు ముందు వినవచ్చును. హైకోర్టు ద్వారమును మూయరాదు. 2005లో కేంద్రప్రభుత్వము జాతీయ పన్నుల ట్రిబ్యునలు చట్టము చేసి, పన్ను కేసులలోని ధర్మసూక్ష్మములను హైకోర్టులనుండి తీసి ఆ ట్రిబ్యునలునకు ఇయ్యదలచెను. 2014 సెప్టెంబరు 25న అయిదుగురి పీఠము ఆ చట్టమును కొట్టివేసెను. పన్ను కక్షిదారైన ప్రభుత్వమే న్యాయనిర్ణేతల నియామకమున పెత్తనము చేసినచో, అది హైకోర్టుతో సమానము కాజాలదన్నది అందులోని ముఖ్య కారణములలో నొకటి.

చట్టములో పేరుండి నేలమీద లేని ట్రిబ్యునలు వలన కలుగు కష్టమును కూడ మన కాలముననే చూచితిమి. సరకుల సేవల పన్ను 2017 జూలై 1న వచ్చెను. దాని చట్టములోనే అప్పీళ్ల ట్రిబ్యునలు వ్రాసియున్నది. అది లాంఛనముగా ప్రారంభమైనది 2025 సెప్టెంబరు 24న. ఆ ఎనిమిదేండ్లును, మొదటి అప్పీలులో ఓడిన చిల్లర వర్తకుడు రెండవ మెట్టు లేక హైకోర్టుకే పోవలసివచ్చెను. భూమి హక్కుల విషయమునను అట్టి యొడుదొడుకే జరిగినది. 2020 నాటి తెలంగాణ చట్టము తహసీలుదారు మొదలు పైవరకు నున్న రెవెన్యూ కోర్టులను ఎత్తివేసి, పెండింగు తగవులను ప్రత్యేక ట్రిబ్యునళ్లకు పంపెను. క్రొత్త తప్పులకు దగ్గరలో మురాఫా లేకపోయెను. 2025 నాటి భూభారతి చట్టము అప్పీళ్లను మరల తెచ్చినది. మెట్టు తీసివేసినంత మాత్రమున తగవు తీరదనియు, మెట్టు లేని చోట మనుష్యుడు పడిపోవుననియు ఈ అయిదేండ్ల అనుభవము నేర్పినది.

ఇంతవరకు చెప్పిన చరిత్రనుండి నేను గ్రహించిన సిద్ధాంతమును విన్నవించెదను. పన్ను వేసినవాడు తన తప్పును తానే దిద్దుకొనుటకు మొదట ఒక అవకాశ మియ్యవచ్చును. లెక్కలో దొరలిన చిన్న పొరపాట్లు అచ్చటనే తీరును. ఆ పిమ్మటి విచారణ మాత్రము వసూలుతో సంబంధము లేనివారి యెదుట జరుగవలెను. అది తాలూకా కేంద్రమునకు పోయి పొద్దుగూకులోగా తిరిగి రాగలంత దగ్గరలో నుండవలెను. ధర్మసందేహమున హైకోర్టు ద్వారము ఎల్లప్పుడును తెరచి యుండవలెను. మొదటిది మన్రో కోరిన దగ్గరితనము. రెండవది కారన్‌వాలిసు కోరిన నిష్పక్షపాతము. మూడవది రాజ్యాంగ మిచ్చిన వరము. ఈ మూటిలో ఏ యొకటి లోపించినను ఏమగునో 1855లోను, 1943లోను, 1962లోను చూచితిమి. మన హైకోర్టునకు క్రొత్త భవనము రాజేంద్రనగరు ప్రాంతమున నూరెకరములలో కట్టుటకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగినది. అది మొయినాబాదునకు దగ్గరే. రాతికట్టడము దగ్గరకు వచ్చుట సంతోషమే. నడుమనున్న మెట్లు కూడ గట్టిగా నున్నప్పుడే రైతు ఆ గడపదాక పోగలడు.

పెద్దలు చేయదగిన పనియు నొకటి కలదు. మీ ఊరివారికి వచ్చు ప్రతి పన్ను నోటీసులోను నాలుగు సంగతులున్నవో లేవో చూడుడు: ఏ చట్టము క్రింద వేసిరి, లెక్క ఎట్లు కట్టిరి, అభ్యంతరము ఎవరికి చెప్పవలెను, ఎన్ని దినములలో చెప్పవలెను. లేనిచో వ్రాతమూలముగా అడుగుడు. ఇచ్చిన అర్జీకి తేదీతో ముద్ర వేయించుకొనుడు. గడువు దాటిన పిమ్మట ఎంత న్యాయమైన వాదమైనను పేలవమగును. నోటిమాటగా చెప్పిన ఆజ్ఞ మీద మురాఫా లేదు గనుక కారణములతో కూడిన వ్రాతపూర్వకమైన ఆజ్ఞనే కోరుడు. క్రొత్తగా ఏర్పడిన మన పురపాలక సంఘముల మొదటి సమావేశములలోనే ఈ నాలుగు సంగతులు ప్రతి నోటీసు వెనుక తెలుగులో అచ్చు వేయింపుమని తీర్మానము కోరినచో, సభ్యులు కాదనరని నా నమ్మకము.

పన్ను చెల్లించుట పౌరధర్మము. ఆ పన్ను సరియైనదా కాదా యని, సమబుద్ధి గలవాని యెదుట నిలిచి అడుగుటయు ఆ ధర్మములోని భాగమే. అడుగుటకు చోటు దొరకుటకై మన పూర్వులు పెక్కు తరములు వేచియుండిరి. దొరికిన చోటును ఉపయోగించుకొనుడని పెద్దలను ప్రార్థించుచు, నా ప్రసంగమును ముగించుచున్నాను.